చిల్లుల చుట్టూ ఎర్రదారం

“పనివాళ్ళ కోట్లు లెక్కపెట్టి షేర్లు కొన్నదాన్ని తమ్ముడూ నేను. నవ్వకు. లోకమంతా పేపరు చూసి కొంటుంది, నేను ఉతుకుడు తొట్టి చూసి కొన్నాను. ఆ స్టూలు మీద కూర్చో. అది కాదు, దానికి కాలు విరిగింది. పక్కది.”

బైండరు పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రెండు వీధుల అవతల అతనిది పుస్తకాలు కుట్టే దుకాణం. పదిహేను రోజులకోసారి జిగురు పట్టి అట్టల్లా బిగుసుకుపోయిన గుడ్డలు మూటగట్టి ఈ లాండ్రీకి తెస్తాడు, అవి దూదిలా మెత్తబడి తిరిగొస్తాయి. ఈసారి మూట తేలేదు. చొక్కా జేబులో మడతపెట్టిన చీటీ ఒకటి తెచ్చాడు. దాని మీద అతని స్నేహితుడు ఒక కంపెనీ పేరు రాసి, “కళ్ళు మూసుకుని కొనెయ్” అన్నాడు. కళ్ళు మూసుకుని చేసే పని బైండరుకు ఒకటే తెలుసు, అది నిద్ర. అందుకని లాండ్రీ అక్కని అడుగుదామని వచ్చాడు. షేర్లలో ఆవిడది మంచి చెయ్యి అని వీధంతా అంటుంది.

షాపులో ఎప్పుడూ ఉండే సబ్బు వాసనా ఆవిరీ అలాగే ఉన్నాయి. అరలు మాత్రం సగం ఖాళీ. బుట్టలకు తాళ్ళు బిగించి ఉన్నాయి. మూలన పెద్ద మెషీను గొట్టాలు ఊడదీసి, పైన దుప్పటి కప్పి ఉంది. షేర్లు కలిసొచ్చి పెద్ద షాపుకు మారుతున్నారని అతను అనుకున్నాడు.

“కొత్త షాపు ఎక్కడక్కా?”

ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడ మరిది చొక్కా కాలరు మీద పెట్టె జరుపుతూ కిసుక్కున నవ్వాడు. “మా ఇంటి వెనక రేకుల గదన్నా. చాలా పెద్దది. పెద్ద మెషీనొక్కటే పట్టదు.”

“నువ్వు నీ కాలరు చూసుకో, మాడుతుంది,” అంది ఆవిడ. “చెప్తాను తమ్ముడూ. వరసలో చెప్పనీ.”

ఆవిడకు అరవై దగ్గర పడుతున్నాయి. చేతివేళ్ళ చివర్లు ఎప్పుడూ నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. మాట్లాడుతున్నంతసేపూ ఆ వేళ్ళు ఒళ్ళో ఉన్న తువ్వాళ్ళను మడుస్తూనే ఉన్నాయి.

ఇరవై రెండేళ్ళ క్రితం ఆసుపత్రి దుప్పట్లతో ఆ షాపు మొదలైంది. తర్వాత ఒక్కొక్క ఫ్యాక్టరీ తన పనివాళ్ళ కోట్లు పంపడం మొదలెట్టింది. భర్త పోయాక మరిది పది రోజులు సాయం చేస్తానని ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి, పదమూడేళ్ళుగా అక్కడే ఉండిపోయాడు.

“ఇస్త్రీ బట్టలు పాత పేపర్లో కట్టేవాళ్ళం కదా. అందులో చీమతలకాయంత అక్షరాల పేజీ ఒకటి ఉండేది. ఎవరూ చదవని పేజీ అదే అనుకుని ముందు దాన్నే చింపేదాన్ని. ఒకరోజు బిస్కెట్ల ఫ్యాక్టరీ కోటు ఆ పేజీలోనే చుడుతున్నాను. కోటు జేబు మీద కుట్టిన పేరూ, కాగితం మీద పేరూ ఒకటే. పక్కన ఏదో అంకె. మన దగ్గర చొక్కాలిచ్చే బ్యాంకు గుమాస్తా ఉన్నాడుగా, ఆయన్ని అడిగాను. ముందు నవ్వాడు. తర్వాత చొక్కాల కోసం వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న చొప్పున నేర్చుకున్నాను.”

“పాపం ఆయన ఆర్నెల్లు ఇంట్లోనే ఉతుక్కున్నాడన్నా,” అన్నాడు మరిది.

ఆవిడ పట్టించుకోలేదు. “కొత్త కోటు మొదటి ఉతుకులో రంగు వదుల్తుంది. తొట్టిలో నీళ్ళు ఎంత నీలంగా ఉన్నాయో చూస్తే ఆ నెల ఎంతమందిని కొత్తగా తీసుకున్నారో తెలిసిపోతుంది. బిస్కెట్ల వాళ్ళవి అరవై కోట్లు ఏడాది తిరిగేసరికి నూట పది అయ్యాయి. నా గాజులు అమ్మి వాళ్ళ షేర్లు కొన్నాను. రెట్టింపయ్యాయి. తాళాల ఫ్యాక్టరీ కోట్లు తగ్గుతూ వచ్చాయి. అది మూతపడేలోపే బయటికొచ్చేశాను.”

బైండరు తొట్టి వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా వస్తున్నాడు. అందులో మురికి నీళ్ళు తప్ప ఏమీ చూడలేదు. అదే నీళ్ళలో ఈవిడ ఒక ఊరి పనంతా చదివింది.

“నాలుగేళ్ళ క్రితం బ్యాటరీల ఫ్యాక్టరీ కోట్లు ఎనభై నుంచి నూట నలభైకి ఎగబాకాయి. ఉన్నదంతా అందులో పెట్టాను. కిందటేడు ఈ షాపు ఓనరు వచ్చి, అమ్మేస్తున్నాను, ఏడాదిన్నరలోగా మీరే కొనుక్కుంటే సరి, లేదంటే ఖాళీ చెయ్యండి అన్నాడు. నాకు బెంగ లేదు. బ్యాటరీల షేరు పెరుగుతోంది, చేతికి షాపు వచ్చేసినట్టే అనుకున్నాను. ఇక్కడ గోడకి మేకు కొట్టాలన్నా ఇన్నాళ్ళూ ఓనరుని అడగాలి. ఆ రోజు అడక్కుండా కొట్టాను. అదిగో.”

గోడకు ఒక మేకు ఉంది. దానికి ఏమీ తగిలించి లేదు.

“మరి?”

“మరి ఏముంది, చిల్లులు.”

ఆవిడ తువ్వాలు మడవడం ఆపింది. మొదట్లో బ్యాటరీల ఫ్యాక్టరీ నుంచి కోట్లతో పాటు మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు కూడా వచ్చేవి. యాసిడ్ పోసే గదుల్లో పనిచేసేవాళ్ళవి. ఒక దశలో అవి రావడం ఆగిపోయింది. లోపలే కడుక్కుంటున్నారు కాబోలు అనుకుంది. ఆ తర్వాతే కోట్ల చేతుల మీద చిల్లులు మొదలయ్యాయి. మెషీనులో వేసేటప్పుడు ఉండవు. తీసేటప్పుడు ఉంటాయి.

“ఏమనుకుంటాను చెప్పు. మన మెషీనే తింటోందనుకున్నాను. ఎవరూ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను. సబ్బు మూడుసార్లు మార్చాను. వీణ్ణి మెషీను తొట్టిలోకి దూర్చి ఎక్కడైనా మేకు పొడుచుకొచ్చిందేమో తడమమన్నాను.”

“తల లోపల, కాళ్ళు బయట,” అన్నాడు మరిది. “అదే టైముకి మా అత్తగారు వచ్చింది. అల్లుణ్ణి ఉతుకుతున్నారనుకుంది.”

“మన షాపు నుంచి చిల్లుతో గుడ్డ బయటికి పోకూడదు, అది నా పట్టుదల. అందుకని ఎవరికీ చెప్పకుండా, పైసా అడక్కుండా, ప్రతి చిల్లూ రఫ్ఫు చేశాను. ఆ గుడ్డలోంచే పోగు లాగి, అదే నేతలో అల్లి పూడ్చేదాన్ని. ఏడాదిన్నర చేశాను తమ్ముడూ. ఆ గుడ్డ నేసినవాడే వచ్చి వెతికినా దొరకదు.”

ఆ మాటలో గొప్ప లేదు. తన పని తెలిసిన మనిషి చెప్పినట్టు చెప్పింది. బైండరుకు అది తెలుసు. చెదలు తిన్న పేజీకి కాగితం అతికించి, అతుకు కనపడకుండా చేసినప్పుడు అతనికీ లోపల అలాగే ఉంటుంది.

“ఒకరోజు కరెంటు లేదు. ఒక కోటు అర్జెంటన్నారు. బకెట్లో ఉత్త నీళ్ళు పోసి ముంచాను. సబ్బు లేదు, మెషీను లేదు. కోటు చేతి మీద పసుపుపచ్చ చుక్కలు కనిపించాయి. మరకలేమోనని బొటనవేలితో రుద్దాను. గుడ్డ విడిపోయి, బొటనవేలు అవతలికొచ్చి నన్ను చూసింది.”

ఆవిడ బొటనవేలు పైకెత్తి చూపించింది. ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

“యాసిడ్ పడ్డ నూలు గుడ్డ అలాగే ఉంటుందట. పైకి బాగానే కనిపిస్తుంది. నీళ్ళు తగిలి రుద్దితే రాలిపోతుంది. చిల్లు ఫ్యాక్టరీలో పడుతోంది, నా దగ్గర బయటపడుతోంది. మరుసటి సెలవు రోజు ఆ కోటు తాలూకు మనిషి వచ్చింది. ఓ ముప్ఫై ఏళ్ళుంటాయి. నీ చెయ్యి చూపించమ్మా అన్నాను. చూపించింది. కోటు మీద ఎక్కడెక్కడ చుక్కలున్నాయో, చేతి మీద అక్కడక్కడే ఉన్నాయి. తొడుగులు ఏమయ్యాయమ్మా అంటే, ఇవ్వడం మానేశారు పెద్దమ్మా, ఖర్చట అంది. ఆ వారంలోనే నాకు పోస్టులో కంపెనీ రిపోర్టొచ్చింది. నిగనిగలాడే కాగితం. ఖర్చు తగ్గించాం, లాభం పెంచాం అని మొదటి పేజీలోనే. అంతకుముందు ఏడాది కూడా అదే మాట రాశారు. అప్పుడు చదివి సంబరపడ్డాను తమ్ముడూ. వీడికి టీ కూడా ఇప్పించాను.”

“ఒక్క టీ,” అన్నాడు మరిది మెల్లగా. ఈసారి అతను నవ్వలేదు.

“అప్పుడే అమ్మేయాల్సిందక్కా.”

“వీడూ అదే అన్నాడు. అమ్మేస్తే చేతులు దులుపుకున్నట్టే కదా అన్నాడు. ఆ రాత్రంతా...” ఆవిడ ఆగి తలూపింది. “రాత్రేముంది, నిద్రపోయాను. పొద్దున తొట్టి దగ్గర నిలబడ్డప్పుడు అనిపించింది. కంపెనీ అన్నాక అడిగే చోటు ఉండాలిగా అని. గుమాస్తాని అడిగితే, ఏడాదికోసారి వాటాదారులందర్నీ పిలిచి మీటింగు పెడతారు, ఒక్క షేరున్నా వెళ్ళొచ్చు, లేచి అడగొచ్చు అన్నాడు. వెళ్ళాను.”

పాదం దిగబడే తివాచీ, చల్లటి హాలు. గుమ్మంలో ఆవిడకు ఒక పెన్నూ ఒక సంచీ ఇచ్చారు. ముందు వరసలన్నీ కోట్లు వేసుకున్న మగవాళ్ళే. అవి ఎక్కడ ఉతికిస్తారో, కాలరు దగ్గర ఎవరు సరిగ్గా ఇస్త్రీ చెయ్యలేదో చూసుకుంటూ కూర్చుందట. మైకు తన దాకా వచ్చేసరికి లేచి నిలబడింది.

“‘అయ్యా, నేను మీ కోట్లు ఉతికేదాన్ని. మీ కంపెనీలో నాకూ చిన్న వాటా ఉంది. యాసిడ్ గదుల్లో తొడుగులు ఎందుకు ఆపేశారు? కోట్లకు చిల్లులు పడుతున్నాయి’ అన్నాను. ఛైర్మన్ మర్యాదగానే విన్నాడు. పక్కనున్న ఆఫీసరుకి సైగ చేశాడు. ఆ ఆఫీసరు రిజిస్టరు తెచ్చి చదివాడు. ప్రతి సోమవారం ఉతికొచ్చిన కోట్లన్నీ పరీక్ష చేస్తారట. యాసిడ్ పడితే కోటే ముందు చెబుతుందట. మూడేళ్ళలో దెబ్బతిన్న కోట్లు సున్నా. అందుకే తొడుగులు అనవసరం అనుకున్నామమ్మా అన్నాడు. హాల్లో చప్పట్లు కొట్టారు.”

బైండరు స్టూలు ముందుకు లాక్కున్నాడు.

“చూపిద్దామంటే నా దగ్గర ఒక్క చిల్లు లేదు తమ్ముడూ. అన్నీ నేనే పూడ్చాను. ఆ రిజిస్టరు రాసింది వాళ్ళు కాదు, నా సూది.”

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆవిడ మళ్ళీ తువ్వాలు అందుకుంది.

ఆ వారం నూట నలభై కోట్లూ మామూలుగానే వచ్చాయి. ఉతికింది, ఆరేసింది. తర్వాత సూది బదులు చిన్న కత్తెర తీసుకుని, తను ఏడాదిన్నరగా చేసిన రఫ్ఫులన్నీ ఒక్కొక్కటే విప్పింది. తనకు తప్ప ఇంకెవరికీ అవి దొరకవు. విప్పిన ప్రతి చిల్లు చుట్టూ ఎర్రదారంతో గుండ్రంగా కుట్టింది. పూడ్చలేదు, పెద్దదీ చెయ్యలేదు. ఇదిగో ఇక్కడ అన్నట్టు చుట్టూ గీత గీసింది, అంతే.

“నూట నలభై కోట్లూ ఒక్కదానివే కుట్టావా అక్కా?”

“నేనున్నానుగా,” అని మరిది వేళ్ళు చాపాడు. “జన్మలో సూది పట్టినవాణ్ణి కాదన్నా. మూడు రోజులు. ఎర్రదారం చాలక మా ఆవిడ కుట్టుపెట్టెలోది కూడా తెచ్చాను. కోట్ల మీద ఎన్ని సున్నాలున్నాయో నా వేళ్ళకి అన్ని పోట్లున్నాయి. మా వదిన నీతికి నెత్తురిచ్చింది నేను.”

“వంకర టింకర సున్నాలన్నీ వీడివే,” అంది ఆవిడ, ఆ గొంతులో ముద్దు దాచుకోకుండా.

బిల్లు మీద ఎప్పటిలాగే ‘ఉతుకు, ఇస్త్రీ’ అని రాసి పంపించింది. సోమవారం సాయంత్రం షిఫ్టు దిగే వేళకు వదినా మరిదీ వెళ్ళి గేటుకు ఎదురుగా, రోడ్డు ఇవతల నిలబడ్డారు. గేటు తెరుచుకుంది. రోజూ బిలబిలా పరిగెత్తుకొచ్చే జనం ఆరోజు నెమ్మదిగా వచ్చారు. నీలం కోట్ల మీద ఎర్రటి సున్నాలు. ఒకరికి నాలుగు, ఒకరికి తొమ్మిది. తన చేతి మీదివి ఎవరికి వాళ్ళకు తెలుసు. పక్కవాళ్ళ చేతి మీద ఎన్నున్నాయో అంతవరకూ ఎవరికీ తెలియదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తిప్పి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నారు. కేకలు లేవు. అరుపులు లేవు. ఆరోజు చెయ్యి చూపించిన ఆ మనిషి కుడిచేతి మీద ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఆమె మధ్యలో నిలబడి ఉంటే, చుట్టూ ఉన్నవాళ్ళు లెక్క ముగించి ఒక అడుగు వెనక్కి వేశారు, ఏదో వెలుగుతున్నదాని దగ్గర నిలబడ్డట్టు.

“మేనేజరు గేటు దాకా వచ్చాడు. వాళ్ళను చూశాడు. తర్వాత రోడ్డు ఇవతల నన్ను చూశాడు. నమస్కారం పెట్టాను,” అంది లాండ్రీ అక్క. “వాడిచ్చిన పనే కదా, ఇన్నేళ్ళు అన్నం పెట్టింది.”

బైండరు ఆవిడ వేళ్ళ వైపే చూస్తున్నాడు. నీళ్ళలో నాని తెల్లబడిన ఆ పది వేళ్ళు. కనపడకుండా కుట్టడంలో ఇంత పనితనం ఉన్న మనిషి, ఆ పనితనాన్నంతా విప్పేసి లోకానికి చూపించింది. కొండ ముందు నిలబడ్డప్పుడు కలిగేలాంటి భయం అతనికి కలిగింది. ఆ కొండ తువ్వాళ్ళు మడుస్తోంది.

నెల తిరిగేలోపు రెండు యాసిడ్ గదుల్లో మొదటిదానికి తొడుగులు వచ్చాయి. అదే నెల నుంచి లాండ్రీకి కోట్లు రావడం ఆగిపోయింది. ఫ్యాక్టరీ ఇంకో లాండ్రీ చూసుకుంది. రెండో గదికి తొడుగులు ఇప్పటికీ లేవు. అది లోపలెక్కడో ఉంటుంది, చూడ్డానికొచ్చేవాళ్ళు అక్కడిదాకా పోరు. షేరు ధర మాత్రం ఏమీ ఎరగనట్టు ఇంకాస్త పెరిగింది.

“ఇవాళ అమ్మితే ఈ షాపు నీదేనా అక్కా?”

“నాదే. ఈ గోడలూ, ఆ మేకూ అన్నీ. నెలాఖరు దాకా గడువుంది.”

“మీటింగుకి ఒక్క షేరు చాలన్నారుగా. ఒకటి ఉంచుకుని మిగతావి అమ్మెయ్. అడిగేదీ అడగొచ్చు, షాపూ దక్కుతుంది.”

“ఇదిగో, ఈ మాట ఏడాదిగా చెప్తున్నాను,” అని మరిది ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాడు. “అన్నా, నువ్వైనా గట్టిగా చెప్పు.”

ఆవిడ మడిచిన తువ్వాలొకటి తీసి, విప్పి, మళ్ళీ మడిచింది. ఈసారి అంచున ఉన్న టీ మరక మడత లోపలికి పోయింది. పైకి మల్లెపువ్వులా ఉంది.

“ఇలా ఇచ్చే లాండ్రీలున్నాయి తమ్ముడూ. ఇంటికెళ్ళి విప్పుకునేదాకా తెలీదు. నేను ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ఇవ్వలేదు. ఆ షేరు కొనేవాడికి పైమడతే కనిపిస్తుంది. లోపల ఏముందో నాకు తెలుసు. ఇంకో సంగతి. ఆ పెరిగిన ధర ఎక్కడిది? తొడుగులు కొనకుండా మిగిల్చిన డబ్బూ అందులో ఉంది. ఆ పిల్ల చేతి మీద ముప్ఫై ఒక్క మచ్చలున్నాయి. ఆ డబ్బుతో కొన్న గోడకి ఆనుకుని కూర్చోలేను. రెండో గదికి తొడుగులు వచ్చిన రోజున అమ్ముతాను. అప్పుడు ఎంతకి పోతే అంతకి.”

“అప్పటికి సగానికి పడితే?”

“సగానికే పోతుంది.”

“షాపు పోతుందిగా అక్కా.”

“పోతుంది.” ఆవిడ ఒకసారి గోడలన్నీ చూసింది, చూపు మేకు దగ్గర కాస్త ఆగింది. “నాకేం బాధ లేదనుకోకు. పెద్ద మెషీను బేరానికి ఎవరొచ్చినా వీడే మాట్లాడుతున్నాడు, నాకు గొంతు రావడం లేదు. నేను చేసింది తెలివో, తెలివితక్కువో కూడా చెప్పలేను. పూడ్చడం తప్పని ఒకసారి తెలిశాక చెయ్యి మళ్ళీ అటు పోవడం లేదు, అంతే.”

మరిది ఇస్త్రీ పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “రేకుల గదిలో ఎండాకాలం బట్టలు వాటంతటవే ఇస్త్రీ అవుతాయిలే వదినా,” అన్నాడు కాసేపటికి.

“జేబులో ఆ చీటీ ఏంటి? వచ్చినప్పట్నించీ తడుముకుంటున్నావు.”

బైండరు తీసి ఇచ్చాడు. ఆవిడ కంటికి దూరంగా పెట్టి పేరు చదివింది. వెనక్కి ఇచ్చేసింది.

“వీళ్ళ బట్టలు నేను ఉతకలేదు తమ్ముడూ. నాకు తెలీదు. కొనాలనుంటే ముందోసారి షిఫ్టు దిగే వేళకు వాళ్ళ గేటు దగ్గర నిలబడి చూసిరా.”

అతను చీటీ మళ్ళీ జేబులో పెట్టుకుని లేచాడు. ఆవిడ కూడా లేచింది. తాళ్ళు కట్టిన బుట్టల వెనక వంగి, ఒక పొట్లం తీసింది. అందులో బ్యాటరీల కంపెనీవి నాలుగేళ్ళ రిపోర్టులున్నాయి. వాటి మీద నీలం కోటు చెయ్యి ఒకటి, భుజం దగ్గర కత్తిరించినది, ఉంది. రెండో గదిలో పనిచేసే మనిషి కిందటి వారం ఇచ్చి, తను సొంత డబ్బుతో కొత్త కోటు కొనుక్కుందట. గుడ్డ నిండా చిల్లులు, వెలుతురుకు ఎదురుగా పెడితే చుక్కల ఆకాశంలా ఉంది.

“నేను డబ్బులివ్వలేనేమో, నీ గుడ్డలు ఉతికిపెడతాను. ఈ నాలుగూ కలిపి ఒక్క పుస్తకంగా కుట్టు. గట్టిగా కుట్టు, చాలామంది చేతులు మారాలి. అట్ట మీద తొడుగు ఈ గుడ్డతో వెయ్యి. శుక్రవారానికి కావాలి, మీటింగు శనివారం. ఈసారి ఒట్టిచేతులతో వెళ్ళను.”

బైండరు రెండు చేతులూ చాపి పొట్లం అందుకున్నాడు. గుమ్మం దాటి మెట్టు దిగుతుంటే ఆవిడ మళ్ళీ పిలిచింది.

“తమ్ముడూ, నీ సంగతి నాకు తెలుసు. అంచు దగ్గర ఒక్క పోగు లేచినా నీకు చెయ్యి ఆగదు. చిల్లులు మాత్రం పూడ్చకు.”